మిద్దె మీద వేసిన కొత్త గదికి కరెంటు ఎలా లాగాలి

తిరుపతిలో సొంత ఇల్లున్నవాళ్లలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు మిద్దె మీద ఇంకో గది వేయాలనుకుంటారు. పిల్లలు ఎదుగుతారు, ఇంట్లో పెళ్లి కుదురుతుంది, లేదా యూనివర్సిటీలో చదువుకునే విద్యార్థులకు అద్దెకిస్తే నెలకు ఎంతో కొంత వస్తుందన్న ఆలోచన కలుగుతుంది. సిమెంటుకు, ఇసుకకు, కమ్మీలకు, టైల్స్‌కు లెక్క పక్కాగా వేస్తారు. కరెంటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘కింద హాలు బోర్డు నుంచి ఒక వైరు పైకి లాగితే సరిపోతుంది’ అని ఒక్క మాటతో తేల్చేస్తారు. చాలా ఇళ్లలో ప్రమాదానికి బీజం పడేది అక్కడే.

హాలు బోర్డుకు వచ్చే వైరు మామూలుగా ఒకటిన్నర, మహా అయితే రెండున్నర చదరపు మిల్లీమీటర్లది. నాలుగు లైట్లు, రెండు ఫ్యాన్లు, ఒక టీవీ కోసం వేసిన వైరు అది. పైగది ఏసీ, గీజరు కూడా దాని మీదే పడితే మొదట దెబ్బతినేది జాయింటు. అలాంటి బోర్డును మెయిన్ ఆపించి విప్పించి చూడండి. పాత వైరుకు కొత్త వైరును చేత్తో మెలిపెట్టి, పైన నల్ల టేపు చుట్టి ఉంటుంది. రెండు మూడు ఎండాకాలాలు గడిచేసరికి టేపు జిగురు కారిపోయి ఉంటుంది. వైరు మీది ఎర్ర తొడుగు జాయింటు దగ్గర గోధుమ రంగుకు తిరిగి, గోరుతో గీకితే పెళ్లలుగా రాలుతుంది. బయటికి స్విచ్ బోర్డు మాత్రం నిన్న బిగించినంత కొత్తగా ఉంటుంది.

అందుకే మీటరు దగ్గర నుంచి పైగదికి విడి లైను వేయించండి. పైనే విడి డీబీ (సర్క్యూట్ల స్విచ్చులన్నీ ఉండే పంపిణీ పెట్టె), అందులో విడి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంపే రక్షణ స్విచ్), నమ్మదగిన ఎర్తు (లీకైన కరెంటును నేలలోకి పంపే లైను) ఉండాలి. మిగతాదంతా ఈ నాలుగింటినీ సరిగా అమర్చే పద్ధతి.

ఎవరు ఏ పని చేయాలో కూడా ముందే అనుకోవాలి. వైర్లు కలపడం, డీబీ బిగించడం, మెయిన్ దగ్గర పని చేయడం వైర్‌మెన్ పర్మిట్ ఉన్నవారి పని. లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు చేతే ఈ పనులు చేయించాలని నిబంధనలు కూడా చెబుతున్నాయి. గది ఎలా వాడతారో ఆలోచించి లెక్క వేయడం, మంచి సరుకు కొనడం, గోడ మూసేలోపు దగ్గరుండి చూడడం మీ వంతు. మీ వంతు మీరు చేస్తే ఎలక్ట్రీషియన్ పని కూడా బాగుపడుతుంది.

ముందు తలెత్తి చూడండి

గది గోడ లేపకముందే మిద్దె ఎక్కి చుట్టూ ఉన్న కరెంటు లైన్లు చూడండి. కొర్లగుంట, బైరాగిపట్టెడ లాంటి పాత పేటల్లో వీధులు ఇరుకు, స్తంభాలు ఇంటి గోడకు దగ్గర. ఒక అంతస్తు ఉన్నప్పుడు దూరంగా కనిపించిన తీగ, గది లేచాక కిటికీ పక్కకు వచ్చేస్తుంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనల ప్రకారం ఇళ్లకు సరఫరా ఇచ్చే ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) లైను మిద్దె పైభాగానికి కనీసం 2.5 మీటర్ల ఎత్తున, గోడకు పక్క నుంచి కనీసం 1.2 మీటర్ల దూరంలో ఉండాలి. 11 కేవీ (11 వేల వోల్టుల) లైనైతే ఎత్తు 3.7 మీటర్లు, పక్క దూరం 1.2 మీటర్లు ఉండాలి. ఈ లెక్క కొత్త గది పైకప్పు నుంచి వేయాలి, ఇప్పుడున్న మిద్దె నుంచి కాదు.

ఎట్టి పరిస్థితుల్లోనూ కర్రతోనో, ఇనుప టేపుతోనో తీగ దాకా కొలవబోకండి. దగ్గరగా అనిపిస్తే విద్యుత్ సంస్థ సెక్షన్ కార్యాలయంలో అర్జీ ఇవ్వండి, వాళ్లే వచ్చి చూస్తారు. మన దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థకు తిరుపతే ప్రధాన కేంద్రం. 1912కు ఫోను చేసినా ఏ కార్యాలయానికి వెళ్లాలో చెబుతారు. లైను పక్కకు జరపాలంటే ఖర్చు మీదే అవుతుంది, సమయమూ పడుతుంది. పునాది పని లేని గది కదా, నెలలో అయిపోతుందని మేస్త్రీ తొందరపెట్టినా ఈ సంగతి తేలేదాకా కమ్మీలు పైకి ఎక్కించవద్దు. పొడవాటి కమ్మీని నిలువుగా పైకి లాగుతూ తీగకు తగిలించి ప్రాణాలు పోగొట్టుకున్న కూలీల వార్తలు మనం పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. పైన పని చేసేది మన మనుషులు కాకపోయినా వాళ్ల ప్రాణానికి పూచీ మనదే.

లోడు లెక్క

ఒక కాగితం తీసుకుని పైగదిలో ఏమేం వాడతారో రాయండి. ఇప్పుడు కొనేవే కాదు, మూడేళ్లలో రాబోయేవి కూడా. ఒక పడకగది, స్నానాల గది, చిన్న వంట గట్టు ఉన్న పోర్షనుకు లెక్క సుమారుగా ఇలా ఉంటుంది. ఒకటిన్నర టన్ను ఏసీ 1700 వాట్లు, నిల్వ గీజరు 2000, ఇండక్షన్ పొయ్యి 2000, ఇస్త్రీ పెట్టె 1000, ఫ్రిజ్ 200, లైట్లూ ఫ్యాన్లూ చిన్న సాకెట్లూ కలిపి 400. మొత్తం 7300 వాట్లు. మన ఇంటి వోల్టేజీ 230తో భాగిస్తే దాదాపు 32 ఆంపియర్లు.

అన్నీ ఒకేసారి నడవవు. నడి వేసవి రాత్రి ఏసీ, ఫ్రిజ్, ఫ్యాను కలిసి 2200 వాట్లు దాటవు. లోడు ఎక్కువగా పడేది ధనుర్మాసంలో తెల్లవారుజామున. గీజరు వేసి, పొయ్యి మీద పాలు పెట్టి, పక్కన ఇస్త్రీ చేసుకుంటుంటే 5400 వాట్ల దాకా, అంటే సుమారు 24 ఆంపియర్లు ఒక్కసారిగా లాగుతాయి. మెయిన్ లైను ఈ అంకెను సులువుగా మోయగలగాలి. విద్యార్థులకు అద్దెకిచ్చే ఆలోచన ఉంటే ఇండక్షన్ పొయ్యిని లెక్కలోంచి అస్సలు తీసేయవద్దు. ‘వంట చేయకూడదు’ అని మీరు చెప్పినా మ్యాగీ కోసమైనా పొయ్యి వస్తుంది.

ఇప్పుడు మీ కరెంటు బిల్లు తీసి, ఒప్పంద లోడు ఎన్ని కిలోవాట్లని ఉందో చూడండి. పాత ఇళ్లకు ఒకటో రెండో కిలోవాట్లే ఉండడం మామూలు. కింది ఇల్లు, పైగది కలిపి అది చాలకపోతే అదనపు లోడుకు దరఖాస్తు పెట్టాలి. కిలోవాటుకు ఇంతని అభివృద్ధి రుసుము, డిపాజిట్టు కట్టించుకుంటారు. స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు, మీటరు ఆ లోడును మోస్తాయో లేదో అప్పుడే తేలిపోతుంది. త్రీ ఫేజు (మూడు కరెంటు తీగల సరఫరా) అవసరమో, పై పోర్షనుకు విడి మీటరు దొరుకుతుందో కూడా అక్కడే అడగండి. డబ్బు మిగులుతుందని లోడు చెప్పకుండా దాచడం తప్పుడు పొదుపు. మీటరుకు ముందున్న వైరు, మీటరు సీలు విద్యుత్ సంస్థవి. వాటి మీద మీరు గానీ మీ ఎలక్ట్రీషియన్ గానీ చేయి వేయకూడదు, 2003 విద్యుత్ చట్టం ప్రకారం అది నేరం.

ఇంటికి త్రీ ఫేజు ఉంటే పైగదిని తక్కువ లోడున్న ఫేజు మీద పెట్టించండి. ఒకే స్విచ్ బోర్డులో రెండు వేర్వేరు ఫేజులు రాకూడదు. వాటి మధ్య వోల్టేజీ దాదాపు 400 ఉంటుంది.

మీటరు నుంచి పైకి వచ్చే లైను

తిరుపతి ఎండను లెక్కలోకి తీసుకోకుండా వైరు సైజు నిర్ణయించవద్దు. దుకాణంలో ఇచ్చే పట్టికలోని ఆంపియర్లు చల్లని గాలికి వేసినవి. 30 డిగ్రీల గాలిలో, పైపులో ఒకే సర్క్యూట్ ఉన్నప్పుడు మామూలు పీవీసీ రాగి వైరు మోయగలిగేది ఇంత (వైరు సైజులన్నీ చదరపు మిల్లీమీటర్లలో): ఒకటిన్నర వైరు 17.5 ఆంపియర్లు, రెండున్నర 24, నాలుగు 32, ఆరు 41, పది 57. గాలి వేడి 40కి చేరితే అందులో 87 శాతమే మిగులుతుంది. 50కి చేరితే 71 శాతం. పడమటి గోడ మీద మే నెల మధ్యాహ్నం పైపు లోపల 50 ఉండడంలో వింత ఏమీ లేదు. చెయ్యి పెట్టి చూడండి, తెలుస్తుంది.

అంటే ఎండ గోడ మీద ఆరు వైరు 29 ఆంపియర్లకే పరిమితం. దానికి 32 ఆంపియర్ల ఎంసీబీ (ఎక్కువ కరెంటు పారితే తనంతట తానే పడి లైను ఆపే స్విచ్) పెడితే వైరు మాడుతున్నా ఎంసీబీ పడదు. ఆరు వైరుకు 25 ఎంసీబీ సరిపోలుతుంది. పైన మనం వేసిన 24 ఆంపియర్ల లెక్కకు అది అంచు మీద ఉంటుంది. కాబట్టి పది వైరు వేసి, మీటరు దగ్గర 32 ఆంపియర్ల డబుల్ పోల్ (రెండు తీగలనూ తెంపే) ఎంసీబీ పెట్టించడమే నా సలహా. పది వైరు ఎండలో కూడా 40 మోస్తుంది. ఖర్చు కొంత పెరుగుతుంది, నిజమే. కానీ గోడలో పూడ్చాక దీన్ని మళ్లీ మార్చడం తేలిక కాదు. ఇరవై మీటర్ల దూరానికి 25 ఆంపియర్లు లాగినా ఈ వైరులో వోల్టేజీ తగ్గేది సుమారు రెండు వోల్టులే, ఏసీ కంప్రెసరుకు కూడా అది మేలు.

ఫేజు (కరెంటు తెచ్చే తీగ) ఎరుపు, న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) నలుపు, ఎర్తు ఆకుపచ్చ. ఈ మూడూ ఒకే సైజులో, మీటరు నుంచి పై డీబీ దాకా మధ్యలో ఒక్క జాయింటు కూడా లేకుండా రావాలి. 90 మీటర్ల కాయిల్ కొంటే అతుకు అవసరమే రాదు. ముక్కలు మిగిలాయని కలపనివ్వకండి.

దారి ఎంచుకునేటప్పుడు మెట్ల గదిలోపలి గోడకు మొదటి ప్రాధాన్యం ఇవ్వండి. బయటి గోడ తప్పకపోతే ఉత్తరం వైపు చూడండి. తెల్ల పీవీసీ పైపు ఎండకు ఏళ్ల తరబడి ఎండి, పెళుసై, చిట్లుతుంది. అలిపిరి, కపిలతీర్థం, జీవకోన వైపు ఉన్నవారికి ఇంకో బెడద ఉంది. కొండ దిగి వచ్చే కోతులు పైపును పట్టుకుని ఊగుతాయి, వేలాడే వైరు కనిపిస్తే లాగి చూస్తాయి. అక్కడ జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపు వేసి, అడుగడుగునా క్లాంపు కొట్టించి, ఆ పైపును కూడా ఎర్తుకు కలిపించండి. పైపు గోడలోకి దూరే చోట మూతి కిందికి వంగి ఉండాలి, లేకపోతే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానల్లో నీళ్లు పైపు వెంట నేరుగా డీబీలోకి దిగుతాయి. 2021 నవంబరు వరద చూసినవాళ్లకు ఇంకో మాట కూడా అర్థమవుతుంది. కింద మీటరు, మెయిన్ స్విచ్ తక్కువ ఎత్తులో ఉండి, మీ వీధిలో నీళ్లు నిలుస్తాయనుకుంటే వాటిని పైకి మార్పించమని విద్యుత్ సంస్థను అడగడానికి ఇదే అదను.

సర్క్యూట్లు విడగొట్టడం

పైగది డీబీని తలుపు పక్కన, చేతికందే ఎత్తులో పెట్టించండి. మంచం వెనక, బీరువా వెనక, స్నానాల గది గోడ మీద వద్దు. ఎనిమిది మాడ్యూళ్లు (ఎంసీబీలు కూర్చునే గళ్లు) కావాలన్నా పన్నెండు మాడ్యూళ్ల పెట్టె కొనండి, ఖాళీలు రేపు పనికొస్తాయి.

లైట్లు, ఫ్యాన్లు, చిన్న సాకెట్లకు ఒకటిన్నర వైరు, 6 ఆంపియర్ల ఎంసీబీ. ఒక సర్క్యూట్ మీద పది పాయింట్లు లేదా 800 వాట్లు దాటకూడదన్నది మన దేశంలో వైరింగుకు పాటించే పాత నియమం, ఇప్పటికీ మంచి కొలత. ఏసీకి విడిగా నాలుగు వైరు, 20 ఆంపియర్ల సీ రకం ఎంసీబీ. కంప్రెసరు మొదలయ్యేటప్పుడు ఒక్క క్షణం ఎక్కువ లాగుతుంది కాబట్టి బీ రకం ఊరికే పడిపోతుంటుంది. గీజరుకు విడిగా నాలుగు వైరు, 16 ఎంసీబీ. వంట గట్టుకు రెండున్నర వైరు, 16 ఎంసీబీ, ఆ సర్క్యూట్ మీద 16 ఆంపియర్ల సాకెట్లు రెండుకు మించవద్దు. ఇస్త్రీకి, వాషింగ్ మెషీనుకు ఇలాంటిదే ఇంకోటి.

చాలామంది వదిలేసేది బయటి లైను. మెట్ల లైటు, మిద్దె మీది లైటు, బట్టలారేసే చోట సాకెట్, నీళ్ల ట్యాంకు దగ్గరి పాయింటు వానకు తడిసేవి. వీటిని గది లైట్లతో కలిపితే వానాకాలం రాత్రి బయట తేమ చేరినప్పుడల్లా గది మొత్తం చీకటవుతుంది. వాటికి విడి సర్క్యూట్, వీలైతే విడిగా ఒక ఆర్‌సీబీఓ (ఎంసీబీ, ఆర్‌సీసీబీ రెండూ కలిసిన స్విచ్) పెట్టించండి. మెట్ల లైటును కింద వేసి పైన ఆర్పేలా టూ వే స్విచ్చులు వేయించుకోండి. పెద్దవాళ్లున్న ఇంట్లో ఇది సౌకర్యం కంటే భద్రత.

పైపుల్లో వైర్లు కుక్కడం మీద ఎలక్ట్రీషియన్‌తో గట్టిగా మాట్లాడండి. ఒకే పైపులో మూడు సర్క్యూట్లు దూరిస్తే ఒకదాని వేడి ఇంకోదానికి తగిలి, ప్రతి వైరు మోసే శక్తి దాదాపు 70 శాతానికి తగ్గుతుంది. అసలే మిద్దె వేడి, దాని మీద ఇది. ఏసీ, గీజరు లైన్లకు విడి పైపులు, మిగతావాటికి 25 మిల్లీమీటర్ల పైపు వేస్తే వైరు లాగేటప్పుడు తొడుగు గీరుకుపోదు కూడా.

స్లాబు పోసే రోజు

కాంక్రీటు స్లాబయితే పైపుల పని అడుగు కమ్మీలు కట్టిన తరువాత, పోత మొదలయ్యేలోపు జరగాలి. ఐఎస్ఐ ముద్ర ఉన్న మందమైన పైపే వాడండి. వంపు కావలసిన చోట పొడుగు బెండు వేయాలి, మొండి ఎల్బో వేస్తే వైరు దూరదు. ఫ్యాను బాక్సు కొక్కేన్ని కమ్మీలకు కట్టించి, బాక్సుల్లో కాగితం కుక్కి, పైపు మూతులు మూయించండి.

పోత పోసేటప్పుడు ఎలక్ట్రీషియన్ గానీ ఆయన సహాయకుడు గానీ అక్కడే నిలబడాలి. తట్టలు మోసేవాళ్ల కాలు ఒక జాయింటు మీద పడి పైపు ఊడితే ఆ క్షణంలో ఐదు నిమిషాల్లో సరిచేయవచ్చు. మరునాడు తెలిస్తే కొత్త స్లాబును పగలగొట్టాలి. పోతకు ముందు పైపులన్నీ కనిపించేలా పక్కన కొలత టేపు పరిచి ఫోటోలు తీసి పెట్టుకోండి. తరువాత ఎవరైనా ఫాల్స్ సీలింగుకు డ్రిల్లు వేస్తామన్నప్పుడు ఆ ఫోటోలే దారి చూపుతాయి. గోడల్లో గాడి కొట్టించి పైపు వేశాక, ప్లాస్టరింగుకు ముందు కూడా అంతే.

రేకుల గదయితే సంగతి వేరు. రేకుకు తగిలేలా పైపు వేయవద్దు, వేసవి మధ్యాహ్నం రేకు కింద వేడి అంతా ఇంతా కాదు. గోడల మీదుగా, రేకుకు ఒక అడుగు కిందుగా తీసుకురండి. ఇనుప గొట్టాల చట్రాన్ని తప్పకుండా ఎర్తుకు కలపాలి. ఎక్కడో ఒక వైరు తొడుగు లేచిపోతే మొత్తం గది కప్పుకే కరెంటు పాకే ప్రమాదం ఉంటుంది.

ఎర్తు, ఆర్‌సీసీబీ: ఒకటి లేకుండా ఇంకోటి చాలదు

ఇక్కడ కొంచెం ఆగి చదవండి. తిరుపతి, చిత్తూరు నేలల్లో చాలాచోట్ల నాలుగడుగులు తవ్వితే రాయి తగులుతుంది. ఎండాకాలంలో పైమట్టి పూర్తిగా ఆరిపోతుంది. ఎండిన నేల కరెంటును సరిగా లోపలికి తీసుకోదు. ఇలాంటి చోట ఇంటి ముందర ఎప్పుడో పదిహేనేళ్ల కింద దింపిన పైపు, దాని నోట్లో ఇంత సిమెంటు ముద్ద చూసి ‘ఎర్తు ఉంది’ అనుకోవడం ధైర్యం కాదు, నిర్లక్ష్యం.

ఒక లెక్క చూడండి. మీ ఎర్తు నిరోధం 10 ఓమ్‌లు అనుకుందాం. గీజరు లోపల ఫేజు వైరు తొడుగు ఊడి ఇనుప తొట్టికి తగిలింది. అప్పుడు ఎర్తులోకి పారే కరెంటు 230ని 10తో భాగించినంత, అంటే 23 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ ఆ కొద్దిపాటి ఎక్కువకు వెంటనే పడదు, నిమిషాలు తీసుకుంటుంది. పైన మెయిన్ 32 అయితే అసలు పడనే పడదు. అంతసేపూ గీజరు తొట్టి, దానికి కలిసిన ఇనుప కుళాయి ప్రాణాంతకంగా ఉంటాయి. ఎంసీబీ ఉంది కాబట్టి భయం లేదన్న మాట ఎంత తప్పో దీన్ని బట్టి తెలుస్తుంది. ఎంసీబీ పని వైరును కాపాడడం. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటుకు తిరిగొచ్చిన కరెంటుకు మధ్య తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపే అది లైను మొత్తాన్ని తెంపేస్తుంది. కాబట్టి పై డీబీలో 40 ఆంపియర్ల, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. 100 లేదా 300 మిల్లీ ఆంపియర్లది ధర తక్కువని ఇస్తే తీసుకోవద్దు, మనిషి రక్షణకు అది చాలదు.

ఎర్తు గుంత కొత్తగా తీయించడమే మేలు. కనీసం రెండున్నర మీటర్ల జీఐ పైపు నిలువుగా దిగాలి. చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా వేసే పాత పద్ధతి అయినా సరే, దుకాణంలో దొరికే రసాయన ఎర్తింగ్ అయినా సరే. రాయి అడ్డొస్తే గుంత చోటు మార్చండి, పైపును కోసి పొట్టి చేయనివ్వకండి. పైన చిన్న చాంబరు కట్టించి, మూత తీసి నీళ్లు పోసే వీలు ఉంచండి. బట్టలుతికే నీళ్లు పడే చోటికి, వంటింటి వెనక తడి ఉండే చోటికి దగ్గరగా ఉంటే ఇంకా మంచిది. ఎలక్ట్రీషియన్ చేత ఎర్త్ టెస్టర్‌తో కొలిపించి, ఐదు ఓమ్‌లకు లోపల వచ్చిందో లేదో ఎండాకాలంలో చూడండి. వానాకాలంలో తీసిన అంకెను నమ్ముకోకూడదు.

రెండు పనులు ఎవరు చేస్తామన్నా ఒప్పుకోకండి. ఎర్తు లేదని సాకెట్లో ఎర్తు పిన్నును న్యూట్రల్‌కు కలపడం ఒకటి. అలా చేస్తే న్యూట్రల్ ఎక్కడైనా తెగినరోజు ఫ్రిజ్ తలుపే షాక్ కొడుతుంది. నీళ్ల పైపును ఎర్తుగా వాడడం ఇంకోటి.

ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడిపోతోందని దాన్ని తీసి పక్కన పెట్టించే ఇళ్లు ఎన్నో. అది పడుతోందంటే ఎక్కడో లీకు ఉందని చెబుతోంది. చాలాసార్లు కారణం పాత గీజరు కాయిల్, తడిసిన బయటి సాకెట్, లేదా న్యూట్రళ్లు కలిసిపోవడం. ఈ చివరిది వైరింగు తప్పు. ఆర్‌సీసీబీ కింద ఉన్న సర్క్యూట్ల న్యూట్రళ్లు దాని తరువాతి న్యూట్రల్ పట్టీకే రావాలి. కింది అంతస్తు న్యూట్రల్‌ను పైన ఎక్కడా ముట్టించకూడదు.

కింది ఇన్వర్టరు నుంచి పైన ఒక లైటు, ఫ్యాను నడపాలనుకునేవారికి ఇదే చిక్కు వస్తుంది. ఇన్వర్టరు ఫేజు కింద నుంచి, న్యూట్రల్ పైగది నుంచి తీసుకుంటే ఆర్‌సీసీబీ నిలవదు. ఫేజు, న్యూట్రల్ రెండూ కింద నుంచే విడి జతగా రావాలి, ఆ జతకు కింద ఆర్‌సీసీబీ రక్షణ ఉండాలి. ఇంకో జాగ్రత్త: మెయిన్ ఆపినా ఆ వైరులో కరెంటు ఉంటుంది. ఆ బోర్డు మీద ‘ఇన్వర్టరు లైను’ అని పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. రేపు పనికి వచ్చే మనిషికి ఆ రెండు మాటలు ప్రాణరక్ష.

స్నానాల గది

గీజరు స్విచ్ స్నానాల గది బయట ఉండాలి, ఫేజునూ న్యూట్రల్‌నూ రెంటినీ తెంపే 20 ఆంపియర్ల డబుల్ పోల్ స్విచ్ కావాలి. షవరు కింద, దాని దగ్గర్లో సాకెట్ పెట్టవద్దు. అద్దం దగ్గర షేవింగు కోసం అని అడిగితే తలుపు దగ్గరి పొడి గోడకు మార్చండి.

సరుకు కొనేటప్పుడు

వైరు మీద ఐఎస్ఐ ముద్ర, ఐఎస్ 694 అన్న అంకె, సైజు మీటరు మీటరుకూ అచ్చై ఉండాలి. ఏసీ, గీజరు లైన్లకు మంట త్వరగా పాకని, పొగ తక్కువ వచ్చే ఎఫ్‌ఆర్‌ఎల్‌ఎస్ రకం తీసుకోండి. చేతిలోకి తీసుకుని కొన తొడుగు ఒలిచి రాగి చూడండి. మంచి వైరులో పోగులు మెరుస్తూ, వేలితో నలిపితే నల్లటి మసి అంటకుండా ఉంటాయి. అనుమానానికి తావిచ్చేంత తక్కువ ధర చెబితే వెనక్కి రండి. ఎంసీబీలు, ఆర్‌సీసీబీ, డీబీ ఒకే కంపెనీవి అయితే బస్‌బార్ (వాటిని కలిపే లోహపు పట్టీ) సరిగా కూర్చుంటుంది. బిల్లు తప్పక తీసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో పడే పిడుగుల దృష్ట్యా డీబీలో సర్జ్ ప్రొటెక్టరుకు (ఒక్కసారిగా ఎగసే వోల్టేజీని అడ్డుకునే పరికరానికి) చోటుంచమని కూడా చెప్పండి, మంచి ఎర్తు ఉంటేనే అది పని చేస్తుంది.

మిద్దె మీద రేపు సోలార్ పలకలు పెట్టే ఉద్దేశం ఉంటే, ఈ పనిలోనే మిద్దె నుంచి మీటరు దాకా ఒక ఖాళీ పైపు వేసి మూతి మూయించి పెట్టండి.

కరెంటు ఇచ్చే ముందు

వైరింగు పూర్తయ్యాక, స్విచ్చులు బిగించాక, మీటరు వైపు కలపకముందే పరీక్షలు జరగాలి. కరెంటు వచ్చి లైటు వెలిగితే పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు, కానీ తప్పుగా కలిపినా లైటు వెలుగుతుంది. ముందు 500 వోల్టుల మెగ్గర్‌తో ప్రతి సర్క్యూట్ ఇన్సులేషన్ కొలిపించండి. బల్బులు తీసి, ఉపకరణాలు విప్పి, సర్జ్ ప్రొటెక్టరును వేరుచేసి కొలవాలి. ఒక మెగా ఓమ్‌కు తగ్గితే కరెంటు ఇవ్వవద్దు. కొత్త వైరుకు అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ రావాలి. తక్కువ వచ్చిందంటే గోడలో మేకు దిగిందో, పైపులో నీళ్లున్నాయో వెతకాలి.

తరువాత ప్రతి సాకెట్ ఎర్తు పిన్ను నుంచి డీబీ ఎర్తు పట్టీ దాకా తెగిపోకుండా ఉందో చూడాలి. సాకెట్‌కు ఎదురుగా నిలబడితే పైన పెద్ద రంధ్రం ఎర్తు, కుడివైపు ఫేజు, ఎడమవైపు న్యూట్రల్. స్విచ్ తెంపేది ఫేజునే అయి ఉండాలి. న్యూట్రల్‌ను తెంపితే ఆర్పిన బల్బు హోల్డరులో కూడా కరెంటు నిలిచి ఉంటుంది.

కరెంటు ఇచ్చాక ఆర్‌సీసీబీ మీది ‘టి’ (టెస్ట్) బొత్తాన్ని నొక్కండి. ఠక్కున పడాలి. పడకపోతే ఆ రోజు గది వాడకండి. పడిందంటే గీజరు, ఏసీ, పొయ్యి అన్నీ వేసి గంట సేపు నడపండి. ఆ గంట తరువాత డీబీ మూత దగ్గర ముక్కు పెట్టి చూడండి, ప్లాస్టిక్ కాలిన వాసన వస్తే ఏదో ఒక స్క్రూ వదులుగా ఉన్నట్టే. మెయిన్ ఆపించి, ప్రతి స్క్రూనూ బిగించమని అడగండి. పది వైరు కొసకు లగ్గు (పోగులను కలిపి పట్టే లోహపు తొడుగు) వేసి బిగించారో, పోగులు అలాగే దూర్చారో ఆ సమయంలో చూడండి. లగ్గు లేని పోగులు బిగింపు కింద పక్కలకు చెదిరి, వేడెక్కేది అక్కడే.

డీబీలో ప్రతి ఎంసీబీ కింద అది దేనిదో తెలుగులో రాసి అంటించండి: ఏసీ, గీజరు, వంట గట్టు, బయటి లైట్లు. గదిలో అద్దెకు దిగేవారికి డీబీ ఎక్కడుందో, షాక్ అనిపిస్తే దేన్ని కిందికి నొక్కాలో మొదటిరోజే చూపించండి. నెలకోసారి ఆ బొత్తాన్ని నొక్కమని కూడా చెప్పండి. మొదటి వేసవి దాటాక ఒకసారి ఎలక్ట్రీషియన్‌ను పిలిచి డీబీ స్క్రూలు మళ్లీ బిగించి, ఎర్తు మళ్లీ కొలిపించండి. ఎండకు వైర్లు వ్యాకోచించి సంకోచించాక చాలా బిగింపులు కొద్దిగా సడలుతాయి.